రజాకారూ కాదు, నవాబూ కాదు

పోలీసు చర్య తర్వాతి హైదరాబాదు ముస్లిం గురించి తెలుగులో వచ్చిన రాతల్ని ఒకచోట పోగేసి చూడండి. చాలా మట్టుకు రెండు బొమ్మలే కనిపిస్తాయి. ఒకటి, చేత కత్తి పట్టిన రజాకారు. రెండోది, దేవిడీ అమ్ముకుని, పాత షేర్వాణీ వేసుకుని, పోయిన రోజుల్ని తలుచుకునే నవాబు. మొదటివాణ్ని చూసి భయపడాలి, రెండోవాణ్ని చూసి జాలిపడాలి. ఈ రెంటికీ మధ్య బతికిన లక్షలాది మంది సంగతేమిటి? బడిలో పాఠం చెప్పిన మాస్టర్ సాబ్, లాఠీ పట్టిన జవాను, వర్క్‌షాపులో సుత్తి పట్టిన ఫిట్టర్, రిక్షా తొక్కిన మనిషి ఎక్కడికి పోయారు? వాళ్లు చరిత్రలో లేరు. ఆధిపత్య చరిత్రకు వాళ్లతో పని పడలేదు. మనమూ మన ఇళ్లలో ముషాయిరాల గురించి చెప్పుకున్నంతగా మన జీతగాళ్ల గురించి చెప్పుకోలేదు.

ఆ మధ్య మనుషుల్లో ఒకాయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. 1963 జూన్ 11న చనిపోయాడు. వృత్తి రీత్యా బడిపంతులు. ఈ దేశం ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచింది రెండేసార్లు, 1951లోనూ, 1962లోనూ. రెండుసార్లూ జట్టుకు శిక్షకుడు ఆయనే. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన తొలి ఆసియా జట్టు మనదే. ఆ జట్టును 1956లో మెల్‌బోర్న్ తీసుకువెళ్లిందీ ఆయనే. ఇంత చేసిన మనిషి పేరు ఎంతమంది తెలుగు పిల్లలకు తెలుసు? 2024లో హిందీలో 'మైదాన్' అనే సినిమా వస్తే గానీ తన ఊళ్లోనే కొత్త తరానికి ఆయన పేరు వినబడలేదు.

ఆయన్ను పొగడటం కోసమే ఇది రాయటం లేదు. ఆయన జీవితాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే, ఆ మధ్య మనుషులు ఏం నిర్మించారో, దాన్ని ఎలా పోగొట్టుకున్నామో తెలుస్తుంది.

కంటోన్మెంట్ నుంచి గల్లీలోకి

హైదరాబాదుకు బంతి వచ్చిన దారి సికింద్రాబాదు మీదుగా ఉంది. 1798లో నిజాం బ్రిటిషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన తెల్లవాళ్ల దండు దిగింది. 1806లో ఆ దండు ఊరికి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. తిరుమలగిరి, బొల్లారం దాకా బారకులు లేచాయి. బారకులున్న చోట పరేడ్ మైదానాలుంటాయి, మైదానాలున్న చోట సాయంత్రం పూట సోల్జర్లు ఫుట్‌బాల్ ఆడతారు. గీత అవతల నిలబడి చూసేవాళ్లు మన పిల్లలు. కంటోన్మెంట్ వంటవాళ్ల పిల్లలు, గుర్రాల సాయీసుల పిల్లలు, బట్టలుతికేవాళ్ల పిల్లలు. వాళ్లలో ముస్లింలున్నారు, తెలుగు మాదిగ మాలలున్నారు, తమిళ కూలీల బిడ్డలున్నారు, ఆంగ్లో ఇండియన్లున్నారు. బూట్లు లేవు. ఉత్తికాళ్లతో మొదలెట్టారు.

క్రికెట్ సంగతి వేరు. దానికి బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి, రోజంతా ఖాళీ కావాలి. అది జాగీర్దార్ల బిడ్డలకూ, కాలేజీ దొరబాబులకూ కుదిరింది. ఫుట్‌బాల్‌కు ఒక్క బంతి చాలు, పొద్దుగూకేముందు గంట తీరిక చాలు. అందుకే ఈ జంటనగరాల్లో ఫుట్‌బాల్ గరీబువాళ్ల ఆట అయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటేనే రహీం సాబ్ చేసిన పని అర్థమవుతుంది.

బడిపంతులు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, పైచదువులు చెప్పటానికి పెట్టిన విద్యాలయం అది. నిజాం కొలువుకు గుమస్తాల్ని తయారుచేసిందని దాన్ని తిట్టేవాళ్లున్నారు. తెలుగువాడి భాషకు అక్కడ చోటు లేకపోవటం నిజమే, ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ జాగీరు లేని, వ్యాపారం లేని ముస్లిం కుటుంబాల నుంచి జీతం మీద బతికే ఒక చదువుకున్న తరాన్ని తయారుచేసింది కూడా అదే. రహీం ఆ తరం మనిషి. అక్కడే ఆర్ట్స్ డిగ్రీ తీసుకున్నాడు. విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాడు, తర్వాత ఖమర్ క్లబ్బుకు ఆడాడు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడుల్లో ఆటల బాధ్యత చేపట్టాడు.

ఆటగాడిగా ఆయన దేశానికి ఆడలేదు. ఈ విషయం దాచాల్సిన పని లేదు. గొప్ప ఆటగాడే గొప్ప గురువు అవుతాడని ఎక్కడా రాసి లేదు. తన కాలితో చేయలేనిదాన్ని ఎదుటివాడి కాలితో చేయించాలంటే ముందు దాన్ని విడగొట్టి అర్థం చేసుకోవాలి, తర్వాత విడమరిచి చెప్పాలి. అది పంతులు పని. 1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు.

ఆయన పద్ధతి గురించి ఆయన శిష్యులు చెప్పుకున్న సంగతులు చాలా ఉన్నాయి. ఎడమకాలు చేతగాని పిల్లలకు ఆ కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవాడు. పొట్టి పిల్లలకు వేరే పోటీలు పెట్టేవాడు, ఎత్తు తక్కువని ఎవడూ ఇంటికి పోకూడదని. బంతిని కాలికి అంటించుకుని వయ్యారాలు పోవటం ఆయనకు గిట్టదు. తాకగానే పక్కవాడికి ఇచ్చెయ్, నువ్వు ఖాళీలోకి పరుగెత్తు. ఇదీ పాఠం. వినటానికి చిన్నదే. కానీ ఆ రోజుల్లో మన ఆట అంతా వ్యక్తి ప్రతాపం. ఒకడు బంతి పట్టుకుని నలుగురిని దాటుతాడు, జనం చప్పట్లు కొడతారు, ఐదోవాడు లాగేసుకుంటాడు. రహీం ఆ నవాబీ ఆటను జట్టు ఆటగా మార్చాడు. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దింపి ఎదుటివాళ్ల రక్షణను చీల్చే ఎత్తు 1950ల మొదట్లోనే వేశాడు. అదే ఎత్తుతో హంగరీ జట్టు 1953లో ఇంగ్లండును చిత్తుచేసిందని ప్రపంచమంతా చెప్పుకుంది. 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించిన 4-2-4 వ్యూహం వైపు కూడా ఆయన చూపు ముందే మళ్లింది. ఎక్కడ నేర్చుకున్నాడు? టీవీ లేదు. పుస్తకం చదివి, ఆట చూసి, నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి.

పోలీసు అనే మాట

ఇక కష్టమైన చోటికి వద్దాం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. రజాకార్ల అకృత్యాలు నిజం. వాటికి బలైనవాళ్లలో ముస్లింలు కూడా ఉన్నారు. షోయబుల్లా ఖాన్ అనే ఉర్దూ పత్రికా సంపాదకుణ్ని 1948 ఆగస్టులో చంపేశారు, భారతదేశంలో విలీనం కావాలని రాసినందుకు. అది నిజమైనట్టే తర్వాత జరిగింది కూడా నిజం. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, కొంత తెలంగాణలో, ఏ పాపం ఎరగని ముస్లిం పల్లె జనాన్ని చంపారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఆ చావుల్ని 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. ఆ నివేదిక ప్రజలు చదవటానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. నగరంలో నిజాం సైన్యం రద్దయింది, జాగీర్లు రద్దయ్యాయి, వాటిని నమ్ముకున్న చిన్న నౌకర్లు రోడ్డున పడ్డారు. పోగలిగినవాళ్లు కరాచీ వెళ్లారు. పోలేనివాళ్లు, పోవటం ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఉన్నారు.

ఇది జరిగిన రెండేళ్లకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. శిక్షకుడు రహీం. 1951లో మళ్లీ గెలిచింది. 52లో, 53లో, 54లో కూడా గెలిచింది. వరుసగా ఐదేళ్లు. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చారు. 1954లో, 1957లో, 1961లో మళ్లీ తెచ్చారు. కలకత్తా దిగ్గజాలు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఈ జట్టంటే జంకాయి.

ఒక్కసారి ఆలోచించండి. 'పోలీసు' అనే మాట వింటే ఒక తరం ముస్లిం ఇళ్లలో తలుపులు మూసుకున్న రోజులవి. ఆ పోలీసు చొక్కా వేసుకుని, ఆ పేరుతోనే, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్ వంటి కుర్రాళ్లు దేశమంతా తిరిగి గెలిచి వచ్చారు. నూర్, అజీజుద్దీన్ 1952, 1956 ఒలింపిక్స్ రెంటిలోనూ ఉన్నారు. వీళ్లు దొరల బిడ్డలు కారు. పోలీసు నౌకరీ వాళ్లకు ఆట ఇచ్చిన అన్నం.

ఆ జట్టు పేరులోనే మన చరిత్ర ఉంది. మొదట దాన్ని సిటీ అఫ్గాన్స్ అన్నారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ అయింది. 1956లో రాష్ట్రాలు కలిశాక అది ఆంధ్ర పోలీస్ అయింది. మూడు పేర్లు మారినా ఆడిన కుర్రాళ్లు అవే గల్లీల కుర్రాళ్లు, గురువు అదే గురువు. పేరు పెట్టే అధికారం ఎప్పుడూ వాళ్ల చేతిలో లేదు. ఆట మాత్రం వాళ్లదే.

అమ్ముగూడ నుంచి రోమ్ దాకా

రహీం సాబ్‌ను 'మన కౌమ్ మనిషి' అని మాత్రమే చెప్పుకుంటే ఆయన్ను సగం కోసినట్టే. ఆయన చేతుల మీద ఎదిగినవాళ్లలో అందరికంటే పెద్ద కళాకారుడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చివర అమ్ముగూడలో పుట్టాడు. పేద కుటుంబం. ఆటంటే తల్లి ఒప్పుకోలేదు, చదివి నౌకరీ తెచ్చుకోమంది. పోలీసుల పాతబూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడు చేసిచ్చిన బూట్లతో ఆడాడు. రహీం అతని ఆట చూసి నగరానికి వచ్చి అభ్యాసం చేయమన్నాడు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్ ఎంత దూరమో సికింద్రాబాదు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సైకిల్ అద్దెకు డబ్బుల్లేవని కుర్రవాడు చెప్తే, రోజూ ఆ రూపాయి మాస్టారే ఇచ్చాడు. బలరాం తర్వాత్తర్వాత ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

బడిపంతులి జీతంలో రోజుకో రూపాయి అంటే చిన్నది కాదు. లౌకికవాదం మీద మనం సభలు పెడతాం, తీర్మానాలు చేస్తాం. ఆ రూపాయి ఇచ్చినాయన ఆ మాట వాడి ఉండడు. పిల్లవాడి కాలు చూశాడు, ఇంటిపేరు చూడలేదు. 1956లో మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో హైదరాబాదు కుర్రాళ్లు అజీజుద్దీన్, నూర్, జుల్ఫికర్, అహ్మద్ హుస్సేన్‌తో పాటు బలరాం కూడా ఉన్నాడు. హైదరాబాదులోనే పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నాడు.

ఆ ప్రయాణం నల్లేరు మీద బండి కాదు. 1951లో ఢిల్లీ ఏషియాడ్‌లో ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం గెలిచాం. మరుసటేడు హెల్సింకీలో యుగోస్లావియా 10-1తో మనల్ని తొక్కేసింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఉత్తికాళ్లతోనే దిగారు. ఆ దెబ్బ తర్వాతే సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఓడిన గురువును మళ్లీ పిలిచారు. 1956లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో అదే యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే, కానీ 4-1తో ఓడాం. బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 సమం చేశాం, హంగరీ మీద 2-1 తేడాతోనే ఓడాం. హంగరీ మీద గోల్ కొట్టింది అమ్ముగూడ బలరామే. పది గోల్స్ తిన్న జట్టు ఎనిమిదేళ్లలో ఐరోపా జట్ల ముందు నిలబడింది.

జకార్తా

1962 జకార్తా గురించి మన అస్తిత్వ చర్చల్లో ఎవరూ మాట్లాడరు. మాట్లాడాలి. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఉన్న భారతీయుడు జి.డి. సోంధీ అది తప్పన్నాడు. దాంతో ఆ ఊరి జనానికి భారతదేశం మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. ఫైనల్ రోజు సెప్టెంబరు 4న స్టేడియంలో లక్ష మంది దాకా ఉన్నారు, అందరూ మనకు వ్యతిరేకం. అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. దక్షిణ కొరియా మీద మొదటి మ్యాచ్ 2-0తో ఓడిపోయిన జట్టది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించి వచ్చింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కట్టుతో ఉన్నాడు. రహీం అతన్ని ముందు వరుసలో పెట్టాడు, గోల్ కొట్టమన్నాడు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టాడు. మన ఆంధ్ర పోలీసు యూసుఫ్ ఖాన్‌ను దెబ్బలతోనే దించాడు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ కొట్టాడు, 20వ నిమిషంలో జర్నైల్ కొట్టాడు. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. బంగారం.

ఆ గ్యాలరీలో మనల్ని గేలిచేసిన లక్ష మందిలో అత్యధికులు ముస్లింలు. వాళ్లు గేలిచేసిన జట్టుకు గురువు ముస్లిం. మనవైపు గొంతెత్తి అరిచిన గుంపు ఒకటుంది. అది పాకిస్తాన్ హాకీ జట్టు. మ్యాచ్ జరిగినప్పుడల్లా ముస్లిం మొహల్లాల్లో ఎవరు టపాకాయలు కాల్చారో లెక్క తీసేవాళ్లు ఈ సంగతిని ఎక్కడ పెట్టుకుంటారు? చప్పట్లు మతాన్ని బట్టి పడవు. ఆ రోజు ఆ ఊళ్లో గేలి చేసినవాళ్లకు వాళ్ల దేశపు రోషముంది, అరిచినవాళ్లకు పొరుగువాడి మీద ప్రేముంది. మైదానంలో ఉన్న పదకొండు మందిలో సిక్కులు, క్రైస్తవులు, హిందువులు, ఒక ముస్లిం ఉన్నారు. వాళ్లకు పని ఉంది.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. రహీం కథను ఈ మధ్య ఒక రకంగా వాడుతున్నారు. 'చూడండి, ఈయన మంచి ముస్లిం, దేశానికి బంగారం తెచ్చాడు' అంటున్నారు. ఆ పొగడ్తలో ఒక షరతు ఉంది. బంగారం తెచ్చినవాడే మంచివాడైతే, ఓడినవాడు, అసలు ఆడనివాడు, పంక్చర్లు వేసుకునేవాడు ఏమవుతాడు? పౌరుడిగా ఉండటానికి పతకం చూపించాలా? ఒక హిందూ శిక్షకుణ్ని ఎవరైనా ఇలా పొగుడుతారా? రహీం సాబ్ ఎవరికీ రుజువు చూపించటానికి ఆడించలేదు. తనకు వచ్చిన పని తను చేశాడు. మనం ఆయన్ను మన యోగ్యతా పత్రంగా జేబులో పెట్టుకు తిరిగితే, పత్రం అడిగే హక్కు ఎదుటివాడికి ఉందని ఒప్పుకున్నట్టే.

తర్వాత

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకు ఆయన చనిపోయాడు. 54 ఏళ్లు కూడా నిండలేదు. పద్మ పురస్కారం లేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలు కాలేదు. బలరాం కూడా 1963లోనే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట వదిలేశాడు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న పోయాడు.

గురువు నాటింది వెంటనే ఎండిపోలేదు. 1966లో హైదరాబాదు నుంచి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన కుర్రాళ్లలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఉన్నారు. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో నయీం కెప్టెన్‌గా మన జట్టు కాంస్యం గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం లేదు. నయీం తర్వాత గురువై, కఠినమైన క్రమశిక్షణకు పేరుపొంది, భారత జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆటగాడిగా 1970లో అర్జున, గురువుగా 1990లో ద్రోణాచార్య అందుకున్నాడు. హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఉన్న కాస్మోస్ జట్టు మీద ఆడాడు. 2023 ఆగస్టు 15న కన్నుమూశాడు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్‌గా, ఫిఫా రిఫరీగా పనిచేసి 2021లో పోయాడు.

కానీ చూడండి, మంచి కుర్రాడల్లా కలకత్తా రైలెక్కాడు. అక్కడ డబ్బుంది, జనముంది, పేరుంది. ఇక్కడ పోలీసు జట్టు ఒక్కటే ఆధారంగా ఉండింది. అది సన్నగిల్లగానే ఇల్లు కూలింది. నా ఉద్దేశంలో అసలు దెబ్బ అంతకంటే కింద తగిలింది. రహీం విత్తనం చల్లింది క్లబ్బులో కాదు, సర్కారు బడిలో. ఉర్దూ మీడియం బడులు దిక్కులేనివయ్యాయి. ఆటల మాస్టారు పోస్టు ఖాళీ అయితే నింపేవాళ్లు లేరు. బడి మైదానం దుకాణాల సముదాయమైంది. ఇప్పుడు బంతి తన్నాలంటే గంటకింతని అద్దె కట్టి, వలకట్టిన పచ్చ చాప మీద ఆడాలి. గరీబు ఆట కూడా గరీబువాడికి అందకుండా పోయింది. పాతబస్తీ కుర్రాడికీ, అమ్ముగూడ కుర్రాడికీ ఈ నష్టం ఒక్కటే.

కనుక ఆయన పేరున విగ్రహం పెట్టమని అడగటం నాకు పెద్ద కోరికగా తోచదు. మన పిల్లల తెలుగు వాచకంలోనూ, ఉర్దూ వాచకంలోనూ రహీం మాస్టారి పాఠం ఒకటి ఉండాలి. అందులో రోవర్స్ కప్పులతో పాటు ఆ సైకిల్ అద్దె రూపాయి కూడా ఉండాలి. ప్రతి సర్కారు బడికీ ఒక ఆటల మాస్టారు ఉండాలి, బడి గోడ లోపల బంతి దొర్లేంత నేల మిగలాలి. ముస్లిం పాఠకుడూ సెక్యులర్ పాఠకుడూ కలిసి అడగదగిన కోరిక ఇది. దీనికి ఎవరి దేశభక్తినీ కొలవనక్కర్లేదు.